పన్నెండు గంటల కూత వినపడినంత మేర

ఎమిల్ కుబిచెక్ దగ్గర అప్పు పుట్టాలంటే ఒకటే షరతు. ఏ నేల తాకట్టు పెడుతున్నారో ఆ నేల మీద నిలబడితే ప్లమ్ ఫోర్క్ ఊళ్ళో మోగే పన్నెండు గంటల కూత వినపడాలి. వినపడితే అప్పు మంజూరు. వినపడకపోతే మీరు సాక్షాత్తు గవర్నరు గారి తోడల్లుడైనా సరే, టోపీ కాస్త పైకెత్తి, "గాలి అడ్డొచ్చింది, ఏమనుకోకండి" అని వెళ్ళిపోతాడు.

ఆ కూత మా ఊరి నీళ్ళ ట్యాంకు మీద అగ్నిమాపక దళం వాళ్ళు పెట్టిన సైరన్‌ది. రోజూ సరిగ్గా మిట్టమధ్యాహ్నం మోగుతుంది. అది మోగితేనే నెబ్రాస్కాలోని ఈ మూల జనం చేతిలో పని వదిలి కంచం ముందు కూర్చుంటారు. ఎమిల్ తాత పెట్టిన బ్యాంకు ఆ ట్యాంకు కిందే ఉంది. "నా డబ్బు భోజనం వేళకి నన్ను పిలిస్తే వినపడేంత దూరంలో ఉండాలి" అన్నది ఎమిల్ సిద్ధాంతం. డబ్బు ఎప్పుడైనా ఎవరినైనా పిలిచిందా అని అడిగిన వాళ్ళకి ఆయన జవాబు చెప్పేవాడు కాదు. అసలు చాలా ప్రశ్నలకి ఆయన జవాబు చెప్పేవాడు కాదు.

పరీక్ష జరిగే తీరు చూడాల్సిందే. పన్నెండుకి కాస్త ముందుగా ఎమిల్ తుప్పు పట్టిన పికప్ వేసుకుని దిగుతాడు. వాకిలి మధ్యలో నిలబడి టోపీ తీసి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ అన్నీ చూస్తాడు. ఇంటిల్లిపాదీ మెట్ల మీద ఊపిరి బిగబట్టుకుని నిలబడతారు. ఒకరు కుక్క మూతి పట్టుకుంటారు. ఇంకొకరు పసిపిల్ల నోట్లో పాలసీసా కుక్కుతారు. వేళగాని వేళ కూసే అలవాటున్న ఒక కోడిపుంజు పరీక్ష రోజు పొద్దున్నే కనపడకుండా పోయి, మధ్యాహ్నం ఎమిల్ భోజనంలో సూపుగా కనపడింది. సెడ్లక్ కుటుంబం వాళ్ళయితే కూతకి దారివ్వాలని ఇంటి ముందు చలిగాలిని ఆపే దేవదారు చెట్ల వరస మొత్తం కొట్టేశారు. అప్పు వచ్చింది. ఆ చలికాలం మంచు కూడా వచ్చి కిటికీల దాకా పేరుకుంది.

ఇదంతా చూసి ఊరు నవ్వుకునేది. ఒక్క గేలన్ హోల్మ్ మాత్రం కుళ్ళుకునేవాడు.

గేలన్ గురించి చెప్పాలంటే కాస్త చట్టం సంగతి చెప్పాలి. ఒకప్పుడు మా రాష్ట్రంలో బ్యాంకంటే గుంజకి కట్టేసిన గొడ్డు. ఏ ఊళ్ళో పుట్టిందో ఆ ఊళ్ళోనే మేయాలి, గట్టు దాటి ఇంకో ఊళ్ళో బ్రాంచి పెట్టడానికి వీల్లేదు. తర్వాత పెద్దవాళ్ళెవరో కూర్చుని ఆ పలుపు విప్పేశారు. పక్క ఊరేం ఖర్మ, పక్క రాష్ట్రాల బ్యాంకులు కూడా వచ్చి మా మొక్కజొన్న చేల మధ్య మేయడం మొదలుపెట్టాయి. అలా వచ్చిన ఒక పెద్ద బ్యాంకు ఎమిల్ బ్యాంకుకి సరిగ్గా ఎదురుగా అద్దాల మేడ కట్టి, దానికి గేలన్‌ని మేనేజరుగా కూర్చోబెట్టింది.

గేలన్ చెడ్డవాడు కాదు. తెలివైనవాడు, కష్టపడేవాడు, చొక్కా ఇస్త్రీ నలగనివ్వనివాడు. ఆయన ఖర్మకొద్దీ ఆయన కుర్చీలోంచి చూస్తే ఎదురుగా ఎమిల్ బ్యాంకు గుమ్మం కనపడేది. ఆ గుమ్మంలోకి జనం కొలాచీల డబ్బాలతో వెళ్ళేవాళ్ళు. కొలాచీ అంటే మా చెక్ ముసలమ్మలు మధ్యలో పండు ముద్ద పెట్టి కాల్చే మెత్తటి రొట్టె. గేలన్ తన బ్యాంకులో గాజు గిన్నె నిండా చాక్లెట్లు పెట్టాడు. అవి తినేవాళ్ళు లేక వేసవిలో కరిగి, చలికాలంలో గట్టిపడి, మళ్ళీ వేసవిలో కరిగేవి.

"పొద్దున్నించి ఎమిల్ ఒక్క అప్పు ఇచ్చాడు, రోనెట్," అన్నాడు ఒకరోజు భార్యతో. "ఒకే ఒక్కటి. దానికి సగం రోజు, బోలెడు పెట్రోలు. మా హెడ్డాఫీసు లెక్కలో వేస్తే ఆయన ఉత్పాదకత ఎంతో తెలుసా? గుడ్డి సున్నా. ఆ బ్యాంకు ఎప్పుడో చచ్చిపోయి ఉండాలి."

"భోజనం పెట్టారా ఆయనకి?"

"బాతు కాల్చి పెట్టారట. పిండి ఉండలు, పుల్ల క్యాబేజీ కూడా."

"అదీ నీ ఏడుపు," అంది రోనెట్.

అదే ఆయన ఏడుపు. గేలన్ తీసుకునే వడ్డీ తక్కువ, ఆయన యంత్రం కాగితాలు కక్కే వేగం ఎక్కువ, ఆయన పార్కింగులో గతుకులు లేవు. అయినా జనం ఎమిల్ దగ్గరికే పోయి, గాలి ఎటు వీస్తుందోనని ఆకాశం చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. ఉత్తరాన పొలాలున్నవాళ్ళు దక్షిణపు గాలి వీచే ఎండాకాలం దాకా ఆగేవాళ్ళు. దక్షిణం వాళ్ళు చలికాలం కోసం ఎదురుచూసేవాళ్ళు. గేలన్ కడుపులో మంట మాత్రం అన్ని ఋతువుల్లోనూ ఒకేలా ఉండేది.

స్టాన్లీ ప్రోహాస్క సంగతే తీసుకోండి. వాళ్ళ బావమరిది కంబైను అనే కొత్త కోతయంత్రం కొన్నాడని తెలిసిన వారానికే, నడి చలికాలంలో, అంతకన్నా పెద్దది కొనాలని స్టాన్లీ ఎమిల్‌ని పిలిచాడు. ఎమిల్ వచ్చి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చుట్టూ తిరిగి, "గాలి అడ్డొచ్చింది" అన్నాడు. స్టాన్లీ రోడ్డు దాటి గేలన్ దగ్గరికొచ్చాడు. గేలన్ కూడా ఇవ్వలేదు. ఇవ్వలేమని, దరఖాస్తుదారుకి అంత స్తోమత లేదని, హెడ్డాఫీసు నుంచి ఒక ఉత్తరం వెళ్ళింది. ఎండాకాలం రాగానే స్టాన్లీ పందుల కొట్టానికి పైకప్పు వేయించాలని మళ్ళీ ఎమిల్‌నే పిలిచాడు. అదే వాకిలి, అదే చెవి. ఈసారి వినపడింది.

"ఇదేం బ్యాంకింగండీ?" అన్నాడు గేలన్ అల్‌బీనా కేఫ్‌లో, నేరుగా ఎమిల్ బల్ల దగ్గరికే వెళ్ళి. "వడ్డీ రేట్లు ఎటు పోతున్నాయో చూశారా, ఎమిల్ గారూ?"

ఎమిల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కాసేపటికి ఇటు తిరిగి చిరునవ్వు నవ్వి, "మొన్న ఆదివారం చర్చిలో మీ ఆవిడ ఆర్గన్ చాలా బాగా వాయించిందోయ్," అన్నాడు.

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కాఫీ కప్పుల్లోకి నవ్వుకున్నారు. గేలన్ చెవులు ఎర్రబడ్డాయి. ఎదుటి మనిషిని గడ్డిపరకలా తీసిపారేసే ఆ దర్జా తనకి జన్మలో రాదు కదా అని ఆయన ఆ రాత్రంతా దొర్లాడు.

ఇక ఇల్లు కట్టుకునే రోజొచ్చింది. ఊళ్ళో మంచి స్థలాలున్నా గేలన్ ఒక్కటీ చూడలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ సైరన్ మోగడం, ఎమిల్ ఎవరి వాకిట్లోనో బాతు తింటూ ఉంటాడని తనకి గుర్తుకురావడం, భరించలేకపోయాడు. కారు వేసుకుని రోజూ పన్నెండింటికి ఒక్కో దిక్కుకి వెళ్ళి చెవులు రిక్కించి విన్నాడు. అలా వినీ వినీ, ఊరికి బాగా దూరంగా, చెరువు అవతల ఇసుక దిబ్బ మీద, ఏ గాలికీ కూత చేరని చోటు పట్టాడు. తన బ్యాంకులోనే అప్పు తీసుకుని అక్కడ ఇల్లు కట్టాడు. అప్పు కోసం కూత వినేవాడు ఎమిల్, కూత వినపడకుండా ఉండటం కోసం అప్పు తీసుకున్నవాడు గేలన్. ఇద్దరిలో ఎవరు వింత మనిషో ఊరు కాస్త తటపటాయించింది. రోనెట్‌కి మాత్రం ఆ ఇల్లు ప్రాణం. చెరువు కనపడే కిటికీ దగ్గర పియానో పెట్టుకుంది. వాకిట్లో బేరి మొక్కలు నాటింది.

ఆ రోజుల్లోనే గేలన్ బ్యాంకు అరిజోనా ఎడారిలో అపార్టుమెంట్ల మీద పడింది. "దూరమనేది పాతకాలం వాళ్ళ జబ్బు," అన్నాడు పై అధికారి ఫోన్లో. "భూమి ఎక్కడుంటే ఏం, కాగితం మన దగ్గరుంటే చాలు." గేలన్ ఆ ముక్క పట్టుకుని, ఎడారి మొహం ఎరగని మా జిల్లాలో ఆ అపార్టుమెంట్ల వాటాలు అమ్మాడు. తన సొంత పొదుపు కూడా అందులోనే పోశాడు. మనిషి తలకి ఎక్కువ వ్యాపారం చేసిన బ్రాంచి అని హెడ్డాఫీసు వాళ్ళు గాజు బహుమతి కూడా పంపారు. గేలన్ ఊరంతటికీ విందు ఏర్పాటు చేశాడు. ఎవరూ రాలేదు. ఆ రోజు ఎమిల్ పుట్టినరోజట, జనమంతా అగ్నిమాపక దళం హాల్లో ఆయనతో పంది మాంసం తింటున్నారు. గేలన్, రోనెట్ ఆ గాజు బహుమతిని బల్ల మీద పెట్టుకుని ఇద్దరే భోంచేశారు.

"చాకచక్యం నాది, కేకు ఆయనకి," అన్నాడు గేలన్.

"నువ్వూ వెళ్ళి ఉండాల్సింది," అంది రోనెట్.

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఎడారిలో అపార్టుమెంట్లు కొనేవాళ్ళు లేక ఇసుకలో నిలబడిపోయాయి. గేలన్ పొదుపు వాటితోపాటే పోయింది. ఆయన బ్యాంకుని ఇంకో పెద్ద బ్యాంకు మింగింది. మింగినవాళ్ళు పటం పరిచి చూసి, ప్లమ్ ఫోర్క్ బ్రాంచి మూసేయమన్నారు. కారణం, మరీ దూరంగా ఉందట.

ఉద్యోగం పోతే పోయింది. ఇంటి అప్పు గడువు కూడా ఆ శరదృతువుతోనే ముగుస్తోంది. మామూలుగా అయితే గడువు కాగానే తిరగరాసేవాళ్ళు. కొత్తవాళ్ళు మాత్రం కుదరదు పొమ్మన్నారు. పెద్ద నగరం ఒమాహాలో గేలన్ ఎక్కని బ్యాంకు మెట్లు లేవు. ఉద్యోగం లేని మనిషికి అప్పెవడిస్తాడు? మరో చోట అప్పు పుట్టకపోతే మంచు పడేలోగా ఇల్లు ఖాళీ చేయాలి.

"ఎమిల్ దగ్గరికి వెళ్ళు," అంది రోనెట్.

"ఆయన దగ్గరికి నేనా?"

"ఇంకెవరున్నారు మనకి?"

"మన ఇంటికి కూత వినపడదు, రోనెట్."

"వినపడని చోటు వెతికి వెతికి కట్టిందెవరు?"

రోనెట్ చీపురు తీసుకుని, పోగొట్టుకోబోయే ఇంటి వరండాని చాలాసేపు ఊడ్చింది. అది చూడలేక ఆయన కారు తాళాలు తీసుకున్నాడు.

ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చుని చూసిన గుమ్మంలోకి మొదటిసారి అడుగుపెట్టాడు. ఎమిల్ బల్ల మీద కొలాచీల డబ్బా తెరిచి ఉంది. అంత బాధలోనూ గేలన్ కళ్ళు దాని మీదికే పోయాయి. విషయమంతా చెప్పుకున్నాడు. ఎమిల్ ఆయన మొహంలోకే కన్నార్పకుండా చూస్తూ విన్నాడు.

"మా ఇంటి నుంచి కూత వినపడదండీ," అన్నాడు గేలన్ చివర్లో. "అబద్ధమెందుకు?"

"నువ్వు చెబితే సరా?" అన్నాడు ఎమిల్. "రేపొస్తాను. మీ ఆవిడని పిండి ఉండలు వండమను."

ఆ రాత్రి ఉరుములు, మెరుపులతో పెద్ద వాన కురిసింది. మర్నాడు మధ్యాహ్నానికి ఎమిల్ పికప్ బురదలో జారుకుంటూ దిబ్బ ఎక్కింది. ఇంటి వైపు నుంచి ఊరి వైపుకి హోరుమని గాలి వీస్తోంది, అంటే పూర్తిగా ఎదురుగాలి. ఎమిల్ వాకిలి మధ్యలో నిలబడి టోపీ తీశాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా తిరిగాడు. బేరి మొక్కల్ని చూశాడు. కిటికీలో పియానోని చూశాడు. ఏప్రాన్ కొంగు పిడికిట్లో నలుపుతున్న రోనెట్‌ని చూశాడు. మెట్ల మీద, ఇస్త్రీ చేయని చొక్కాలో నిలబడ్డ గేలన్‌ని అందరికన్నా ఎక్కువసేపు చూశాడు. గేలన్‌కి గాలి హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు. అయిపోయింది, ఇక సామాను సర్దుకోవడమే అనుకున్నాడు.

ఎమిల్ టోపీ పెట్టుకున్నాడు.

"వినిపించింది," అన్నాడు.

"ఏమిటండీ?"

"కూత. చక్కగా వినిపించింది. పిండి ఉండలు అయ్యాయా, అమ్మాయ్?"

రోనెట్ లోపలికి పరుగెత్తి, వంటింట్లో కాసేపు కళ్ళు తుడుచుకుని, కంచాలు తెచ్చింది. ఎమిల్ రెండుసార్లు వడ్డించుకున్నాడు. వెళ్ళేముందు, "నాకు నడుం పట్టేస్తోందోయ్. సోమవారం నుంచి వచ్చి బండి నడుపు. అలాగే లెక్కలు కూడా చూడు. జీతం గురించి మీ హెడ్డాఫీసుతో పోల్చకు," అన్నాడు.

ఇల్లు నిలబడింది, ఉద్యోగం దొరికింది. అప్పుడు గేలన్‌కి ఏమనిపించిందంటారా? ఈర్ష్య. ఈ వయసులో, ఆ ఎదురుగాలిలో, అంత దూరం నుంచి వినగలిగిన ఆ చెవుల మీద ఈర్ష్య. నిజం దాచుకోవడమెందుకు, మనిషి అలవాటు అంత తొందరగా పోదు.

ఆ సాయంత్రం ఆయన అల్‌బీనా కేఫ్‌కి వెళ్ళాడు. లోపల గోలగోలగా ఉంది.

"పిండి ఉండలన్నీ ముద్దయిపోయాయి," అంటోంది అల్‌బీనా. ఎమిల్ మేనమామ కూతురు ఆవిడ. "కూత విని దించడమే అలవాటు. ఇవాళ కూత లేకపోయే."

"మేం మూడింటికి తిన్నాం," అన్నాడు స్టాన్లీ ప్రోహాస్క.

"కూత లేకపోవడమేమిటి?" అన్నాడు గేలన్.

"రాత్రి ట్యాంకు మీద పిడుగు పడిందిగా. సైరన్ మాడిపోయింది. కొత్తది వచ్చేదాకా మోగదు."

"అదెలా? ఎమిల్ గారు మా వాకిట్లో విన్నారే. ఇవాళే, చక్కగా వినిపించిందన్నారు."

అల్‌బీనా వచ్చి ఆయన ఎదుట కూర్చుంది.

"చూడు నాయనా, ఎమిల్ కొరియా యుద్ధంలో ఫిరంగుల పక్కన నిలబడి వచ్చాడు. తిరిగొచ్చినప్పుడే సగం చెవుడు. ఆ తర్వాత ఆ సగమూ పోయింది. నీ కూత కాదుగదా, ఆ ట్యాంకు కూలినా ఆయనకి వినపడదు. ఎదురుగా ఉంటే పెదాలు చూసి మాట్లాడతాడు, అంతే."

"మరి మా ఆవిడ ఆర్గన్ బాగా వాయించిందన్నాడే?"

"మాట అందనప్పుడల్లా పెళ్ళాలని మెచ్చుకుంటాడు. ఈ ఊళ్ళో మా అందరి గురించీ అంటాడు."

"మరి వాకిట్లో చెయ్యి పెట్టుకుని వినేదేమిటి?"

"వినడం కాదు, చూడటం," అన్నాడు స్టాన్లీ. "నా సంగతే చూడు. బావమరిది మీద కుళ్ళుతో కంబైను కొనబోయాను. కొనుంటే పొలం పోయేది. ఎమిల్ గాలి అడ్డొచ్చిందన్నాడు. నేనూ ఊరంతా అదే చెప్పుకు తిరిగాను, నా పరువుకేం కాలేదు. నువ్వేం చేశావ్? స్తోమత లేదని ఉత్తరం పంపావ్. అది నాకన్నా ముందు పోస్టుమ్యాన్ చదివాడు."

గేలన్ కాఫీ ముట్టుకోలేదు. "ఈ సంగతి అందరికీ తెలుసా?"

"ఎమిల్‌కి తప్ప అందరికీ తెలుసు," అంది అల్‌బీనా. "మాకు తెలుసని ఆయనకి తెలీదు. చెప్పావో, ఈ కేఫ్‌లో నీకు కాఫీ ఉండదు."

"నాకిన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వెప్పుడూ ఆయన్ని అప్పడగలేదుగా," అన్నాడు స్టాన్లీ.

గేలన్ ఇంటికెళ్ళి రోనెట్‌కి అంతా చెప్పాడు. ఆవిడ నవ్వి నవ్వి కుర్చీలో కూలబడింది. చాలాసేపటికి ఆయనా నవ్వాడు. ఊరంతా పంచుకున్న రహస్యం తనొక్కడికే ఆలస్యంగా అందిందని కాస్త గుచ్చుకున్నమాట నిజమే, అయినా మొత్తానికి అందింది.

కొత్త సైరన్ వచ్చింది. గేలన్ ఎమిల్ పికప్ నడుపుతూ వాకిళ్ళ వెంట తిరగడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు వేసవి మొదట్లో స్టాన్లీ ప్రోహాస్క మళ్ళీ పిలిచాడు. ఈసారి బావమరిది చెరువు ఒడ్డున విడిది ఇల్లు కొన్నాడట. స్టాన్లీకి అంతకన్నా పెద్దది కావాలి, పొలం తాకట్టు పెడతానన్నాడు. మనిషి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈర్ష్య ఎలా ఉంటుందో గేలన్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు.

పన్నెండయింది. ఆకు కదలడం లేదు. కొత్త సైరన్ పాతదానికన్నా గట్టిది. ఎంత గట్టిగా మోగిందంటే స్టాన్లీ కుక్క తల పైకెత్తి దాంతో పాటు ఊళ పెట్టింది, కొట్టంలో పందులు లేచి నిలబడ్డాయి. ఎమిల్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా చుట్టూ తిరిగాడు. స్టాన్లీ మొహం చూశాడు. వెనక నిలబడ్డ స్టాన్లీ భార్య వియోలా మొహం చూశాడు. తర్వాత, ఎన్నడూ లేనిది, గేలన్ వైపు తిరిగాడు.

"నాకు సరిగ్గా అందలేదు. నీకేమైనా వినిపించిందా, గేలన్?"

స్టాన్లీ గేలన్ వంక చూశాడు. వియోలా కూడా చూసింది, తల కొంచెం అడ్డంగా ఊపింది. కుక్క ఇంకా ఊళ పెడుతూనే ఉంది.

"లేదండీ," అన్నాడు గేలన్, ఎమిల్‌కి పెదాలు కనపడేలా నిలబడి. "గాలి అడ్డొచ్చింది."

స్టాన్లీ కదలని ఆకుల వంక చూశాడు. చాలాసేపు చూశాడు. భుజాలు కాస్త కిందికి దిగాయి.

"అవును," అన్నాడు చివరికి. "ఇవాళ గాలి మరీ దారుణంగా ఉంది."

బయల్దేరేటప్పుడు వియోలా కొలాచీల డబ్బా తెచ్చింది. అలవాటు ప్రకారం ఎమిల్ చెయ్యి చాచాడు. ఆవిడ ఆయన్ని దాటుకుని వెళ్ళి డబ్బా గేలన్ చేతిలో పెట్టింది. గేలన్ దాన్ని ఒళ్ళో పెట్టుకుని బండి ఎక్కి మూత తీశాడు. ఎమిల్ పక్కనించి తొంగి చూశాడు.

"ఆప్రికాట్‌వా?"

"అవునండీ."

"నాకిన్నేళ్ళూ ఎండు ప్లమ్‌లవే పెట్టింది," అన్నాడు ఎమిల్. ఊరొచ్చేదాకా ఆ డబ్బా మీదినించి చూపు తిప్పలేదు.